నేను చదవని పేజీన్నర

నాకు ముక్కుమీద కోపం. ఇది నేను గొప్పగా చెప్పుకుంటున్నది కాదు. మా ఆయన పెళ్ళయిన వారానికే కనిపెట్టి, ఇరవై రెండేళ్ళుగా ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చాటింపు వేస్తున్నది. ఆ కోపంతోనే ఒక పుస్తకంలో పేజీన్నర మింగేశాను. దాంతో ఒక పెద్దమనిషి పరువు నలుగురిలో పోయింది.

నా ఉద్యోగం చదవడం. గ్రంథాలయం పై అంతస్తులో కిటికీల్లేని గదిలో కూర్చుని, చూపులేని వాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేస్తాను. అద్దం అవతల రికార్డింగు చూసే ఆయన ఉంటాడు. రోజుకి పదిసార్లు "నిశ్శబ్దం" అనడం తప్ప మరో మాట మాట్లాడడు కాబట్టి అందరం ఆయన్ని నిశ్శబ్దం గారు అనే పిలుస్తాం. మా పనికి నియమాలు కొన్నే. పేజీ నంబరుతో సహా అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదవాలి. బొమ్మ వస్తే ఆ బొమ్మలో ఏముందో చెప్పాలి. నచ్చినా నచ్చకపోయినా గొంతు మారకూడదు.

పద్నాలుగేళ్ళలో అన్ని మతాల పుస్తకాలూ, ఏ మతమూ లేని వాళ్ళ పుస్తకాలూ చదివాను. పక్కవాళ్ళ దేవుణ్ణి ఎవరో దులిపేస్తుంటే నా గొంతు ఇసుమంతైనా వణకలేదు. అది నా నిష్పక్షపాతమని మురిసిపోయేదాన్ని కూడా.

అప్పుడు ఆ పుస్తకం వచ్చింది. రాసినవాడు మా ఊరివాడే, మా మతంలోనే పుట్టాడు, పెద్దయ్యాక వదిలేశాడు. చిన్ననాటి కబుర్లన్నీ చక్కగా రాసుకొచ్చాడు. నూట నలభై మూడో పేజీ సగంలో మా దేవుడి మీద పడ్డాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ సగం పేజీ, ఆ తర్వాతి పేజీ మొత్తం వదిలేసి, "పేజీ నూట నలభై నాలుగు. పేజీ నూట నలభై అయిదు" అని ఒకే ఊపిరిలో అనేసి ముందుకెళ్ళిపోయాను. నిశ్శబ్దం గారు చూసేది ధ్వనినే, మాటల్ని కాదు. చదివినదాన్ని పుస్తకంతో సరిచూసే ఆవిడేమో ప్రసూతి సెలవులో ఉంది. ఎవరికీ తెలియలేదు. ఆ రోజు ఇంటికి హాయిగా, ఏదో మంచిపని చేసినదానిలా వెళ్ళాను.

రెండు నెలల తర్వాత మా ప్రార్థన మందిరంలో ఆ పుస్తకం సంగతి బయటికొచ్చింది. దాన్ని గ్రంథాలయం నుంచి తీసేయమని మా అధ్యక్షుడు అర్జీ తయారుచేశాడు. ప్రార్థన అయిపోగానే కాగితాలు వరసల్లో చేతులు మారాయి. నేను మొదటి కాగితంలోనే సంతకం పెట్టాను.

అప్పుడు లేచి నిలబడ్డారు హలో మాస్టారు. ఆయన టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. పుట్టుకతోనే చూపు లేదు. ఎదురుగా వచ్చి పలకరించినా "హలో, ఎవరండీ?" అనే అంటారు కాబట్టి ఆ పేరు. భార్య పోయి పదకొండేళ్ళయింది. ఒంటరిగా ఉంటారు. మందిరంలో ఆయన మాటంటే అందరికీ గౌరవం.

"ఆగండి బాబూ," అన్నారు. "ఆ పుస్తకం నేను మొదటి నుంచి చివరి దాకా విన్నాను. మీరనే మాటలేవీ అందులో లేవు. వినకుండా ఎవరో అన్నారని సంతకాలు పెట్టొద్దు. చదివిన అమ్మాయి కూడా ఇక్కడే ఉండాలి. అడగండి."

తలలన్నీ నా వైపు తిరిగాయి. "చాలా పుస్తకాలు చదువుతానండీ... గుర్తులేదు," అన్నాను.

అధ్యక్షుడు జేబులోంచి జిరాక్సు కాగితం తీసి ఒక వాక్యం గట్టిగా చదివాడు. "వీళ్ళ దేవుడు అర్జీలు వింటూ ఆవలించే ముసలి గుమాస్తా." హాలు భగ్గుమంది. వెనక వరసలోంచి ఎవరో, "మాస్టారు కునుకు తీస్తూ విన్నట్టున్నారు!" అన్నారు. అందరూ నవ్వారు. పక్కనే ఉన్నవాళ్ళు ఆయన చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాణ్ణి కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టారు. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా నోరు విప్పలేదు. అదే నేను చేసిన అసలు తప్పు.

మూడో రోజు ఆయన కర్ర తాటించుకుంటూ రికార్డింగు గదికి వచ్చారు. కుర్చీ చూపించబోతే అక్కర్లేదన్నారు.

"ప్రతి పేజీకీ నీకు నిమిషన్నర పడుతుందమ్మా. లెక్కపెట్టాను. నూట నలభై నాలుగు మాత్రం నంబరు చెప్పగానే అయిపోయింది. మొదట విన్నప్పుడు అది బొమ్మల పేజీ అనుకున్నాను. బొమ్మ ఏమిటో చెప్పడం మరిచిపోయింది పాపం, అనుకున్నాను."

"బొమ్మ కాదు మాస్టారూ."

"అదే అడుగుతున్నా."

చెప్పేశాను. కోపం వచ్చిందన్నాను. మీకెందుకు వినిపించాలి, మీరు బాధపడతారనిపించిందన్నాను. ఆయన కర్ర నేలకి ఆనించి నా వైపు తిరిగారు.

"నీకు కోపమొస్తే పుస్తకం మూసేసే హక్కు నీకుంది. నా పుస్తకం నువ్వు మూశావేంటి తల్లీ? పైగా మూసినట్టు చెప్పనైనా చెప్పలేదు. నేను వెళ్ళి నలుగురిలో ఒట్టేసినంత పని చేశాను."

"వచ్చే వారం అందరిముందూ నిజం చెబుతాను," అన్నాను.

"చెప్పు," అని వెళ్ళిపోయారు.

చెప్పాను. ప్రార్థనయ్యాక లేచి నిలబడి, మాస్టారు అబద్ధమాడలేదు, నిద్రపోలేదు, ఆ మాటలు నేనే మింగేశాను, తప్పు నాది అన్నాను. నన్ను కడిగేస్తారని సిద్ధపడే వెళ్ళాను. కానీ హాలంతా చప్పట్లు! అధ్యక్షుడు కళ్ళు తుడుచుకున్నాడు. "ఇదీ భక్తంటే! ఆ పాడు మాటలు మాస్టారి చెవిన పడకుండా కాపాడిన తల్లి!" అన్నాడు. ముసలావిడలు వచ్చి నా బుగ్గలు పుణికారు. వాళ్ళ మధ్యలోంచి చూస్తే మాస్టారు గోడ పట్టుకుని ఒక్కరే బయటికి నడుస్తున్నారు. ఆయన నిజాయితీ రుజువైంది గానీ, ఆయన్ని ఇప్పుడు రెండోసారి చిన్నపిల్లాణ్ణి చేశాను.

ఇంకో సంగతి అప్పుడే తట్టింది. అర్జీ మీద రెండువందల పైచిలుకు సంతకాలు. ఆ పుస్తకం అంటూ చదివింది హాలు మొత్తంలో నేను, చూపులేని ఆయన. ఆయనకీ నేను పేజీన్నర తగ్గించే ఇచ్చాను. అర్జీ ఇంకా గ్రంథాలయం వాళ్ళ బల్ల మీదే ఉంది. అందులో నా సంతకమూ ఉంది, కొట్టేయమని నేను అడగలేదు. రాసినవాడి మీద కోపం తగ్గిందంటే అది అబద్ధం.

మర్నాడు పొద్దున్నే పుస్తకం సంచిలో పెట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. ఒకటే గది. మంచం, రేడియో, చక్కగా మడతపెట్టిన తువ్వాళ్ళు.

"హలో, ఎవరండీ?"

"పేజీన్నర బాకీ ఉన్నదాన్ని."

నవ్వలేదు. కుర్చీ లాగి, "గొంతు మార్చకు," అన్నారు.

చదవడం మొదలుపెట్టాను. "రోగి మంచం పక్కన మోకరిల్లినవాణ్ణి చూడండి. వాడు రోగి కోసం వేడుకోడు. నన్ను ఒంటరిగా వదిలేయకు అని తన కోసమే వేడుకుంటాడు. వీళ్ళ దేవుడు అర్జీలు వింటూ ఆవలించే ముసలి గుమాస్తా..."

ఇక్కడ ఆగిపోయాను. ఆయన భార్య చివరి రోజుల్లో ఆస్పత్రిలో పంతొమ్మిది రోజులు మంచం పక్కనుంచి లేవకుండా ప్రార్థించారని మందిరంలో తెలియని వాళ్ళు లేరు. ఆ రోజు నాకు కోపం వచ్చింది దేవుణ్ణి అన్నందుకు కాదేమో, మాస్టారిని అన్నందుకేమో. ఆయన ముఖం ఎర్రబడింది. చేతులు మోకాళ్ళ మీద బిగుసుకున్నాయి.

"చూశారా! అందుకే వదిలేశాను. ఇప్పుడైనా సంతకం పెడతారా?"

"గుమాస్తా అన్నందుకు వాడి చెవి మెలిపెట్టాలనుంది," అన్నారు. "దేవుణ్ణి అలా అంటాడా, దౌర్భాగ్యుడు. ముందుది ఇంకోసారి చదువు."

చదివాను. నన్ను ఒంటరిగా వదిలేయకు, అన్నచోట ఆయన చెయ్యెత్తారు.

"ఈవిడ పోతే నాకు అన్నమెవరు పెడతారు, నన్ను రోడ్డెవరు దాటిస్తారు. పంతొమ్మిది రోజులూ అదే అడిగానమ్మా. ఆవిడ నొప్పి తగ్గించమని ఒక్కసారైనా అడగలేదు. ఆవిడ పోయాక తెలిసింది నేనేం అడిగానో. మందిరంలో ఆ ప్రార్థనని పిల్లలకి కథగా చెబుతారు, విన్నావుగా? పదకొండేళ్ళుగా ముందు వరసలో కూర్చుని వింటున్నాను. ఎవరితో చెప్పను?"

ఏడుపు ఆపుకోవడం చేతకాక పుస్తకంలోకే చూస్తూ కూర్చున్నాను.

"ఇలా అడిగినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే అనుకున్నాను," అన్నారు, నెమ్మదిగా. తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నారు. "ఇంకా ఉందా?"

"ఇంకా పేజీ పైనే ఉంది మాస్టారూ. ఇంతకన్నా ఘోరంగా ఉంది."

"చదవమ్మా."

చదివాను.