నడిచే జత

మరక పెసరగింజంత ఉంది. ఇప్పుడు రెండున్నర, నాలుగింటికల్లా లేసు ఆర్డర్లిచ్చే మణిమాల గారు వచ్చేస్తారు. అప్పలకొండ దూది కొసకి సబ్బునీళ్ళు అంటించుకుని తెల్లటి లేసు మీద ఆ నల్లచుక్కని అద్దుతోంది, ఊదుతోంది, మళ్ళీ అద్దుతోంది. మరక పోవడం మాట అటుంచి, దాని చుట్టూ బూడిదరంగు వలయం ఒకటి తయారవుతోంది.

"కాటికెట్టమని నీకెవులు సెప్పినారే?" అంది తల ఎత్తకుండానే.

కోడలు కనకలత గడప దగ్గర కూర్చుని కొంగుతో ముక్కు తుడుచుకుంది. "దిష్టి తగలకుండా ఎట్టినానత్తా. పిల్లలకి ఎడతాం కదా."

"పిల్లలకి బుగ్గ మీదెడతారు. లేసుకి ఎవులైనా ఎడతారేటే?"

"లేసుకి ఎట్టనేదు. గాజు కండె అడుగున ఎట్టినాను, ఆ ఎర్రపూస దగ్గర. నువ్వు నల్లా కాడికెల్లినప్పుడు. కండె దొర్లి లేసుకి అంటుకుపోనాది. గల్తీ హో గయీ అత్తా, తప్పయిపోనాది."

కోపం కోడలి మీద ఎంతోసేపు నిలవలేదు. మణిమాల గారి కన్ను ఆ కండె మీద పడుతుందేమోనన్న ఆ పిల్ల భయం అప్పలకొండకి తెలుసు. పొద్దుటి నుంచీ ఆ భయంతోనే తనూ లేసు అల్లే దిండుని ఈ గోడ నుంచి ఆ గోడకి మారుస్తోంది. దానికి తోడు, కిటికీ తీస్తే లారీల దుమ్ము లేసు మీద పడుతుంది, వేస్తే చెమట. ఉక్కు ఫ్యాక్టరీ పక్కన ఉన్న ఈ ఖుర్సీపార్ బస్తీలో మే నెల మధ్యాహ్నం ఒక తెల్ల వస్తువుని తెల్లగా ఉంచడమంటే మాటలు కాదు.

ఈ లేసు అందరికీ తెలిసిన క్రోషే కాదు. గడ్డి కూరిన గట్టి దిండు ఉంటుంది. దాని మీద చిల్లులు పొడిచిన అట్ట, చిల్లుల్లో గుండుసూదులు, సూదుల నుంచి దారాలు. ఒక్కో దారం కొసకి పెన్సిలంత కండె ఒకటి వేలాడుతుంది. కండెల్ని జతలుగా పట్టుకుని ఒకదాని మీంచి ఒకటి దాటిస్తూ, మెలిపెడుతూ అల్లుకుపోవాలి. పాతికేళ్ళ కిందట, ఇదే ఊళ్ళో క్యాంప్ 1 బస్తీలో ఉండగా, పక్కింటి కేరళ నర్సు నేర్పిన పని. ఇరవై జతల్లో పందొమ్మిది దాదాపు ఉన్నచోటే ఉంటాయి. ఒక్క జత మాత్రం ఈ అంచు నుంచి ఆ అంచుకి, మళ్ళీ ఆ అంచు నుంచి ఈ అంచుకి, ప్రతి వరసలోనూ అన్నింటి మధ్య నుంచి సాగుతుంది. దాన్ని అప్పలకొండ నడిచే జత అంటుంది. రోజంతా వేళ్ళ మధ్య ఉండేది అదే.

ఆ ఇరవై జతలూ ఒకప్పుడు గాజువే. ఆమె మొగుడు గురునాథరావు, లాబొరేటరీలకి గాజు గొట్టాలు చేసిచ్చే చిన్న షాపులో ముప్ఫై ఏళ్ళు మంట ముందు కూర్చున్నవాడు. విరిగిన గొట్టాల్ని కరిగించి, సాగదీసి, నడుము సన్నం చేసి, కొసకి ఒక రంగుపూస తగిలించి పెళ్ళానికి కండెలు చేసిపెట్టాడు. ముచ్చటకి చేసినవి కావవి. చెక్క కండె చెమట పీల్చుకుని దారానికి గోధుమరంగు మరక ఇస్తుంది. గాజు చెమట తాగదు. కొంగుతో ఒకసారి తుడిస్తే చాలు. ఆ షాపు మూతపడి ఆరేళ్ళయింది. మంట ఆయన కళ్ళని తినేసింది. ఇప్పుడు మనిషి ఎదురుగా నిలబడితే నీడలా ఆనుతాడంతే.

ఇరవై జతల్లో ఇప్పుడు మిగిలింది ఎర్రపూసల జత ఒక్కటే, అదే నడిచే జత. మిగతా పందొమ్మిదీ ఆఫీసర్లుండే సెక్టర్ 10లో, మణిమాల గారి హాల్లో, అద్దాల బీరువాలో ఉన్నాయి.

ఆవిడ దొంగిలించిందనుకునేరు, అదేం లేదు. మణిమాల గారు మంచిమనిషి. పెద్ద ఆఫీసరు గారి భార్య, మహిళా సంఘం నడుపుతారు. లేసు ఆర్డర్లు తెచ్చేదీ, మీటరుకి రెండు వందల నలభై ఇచ్చేదీ ఆవిడే. మీటరు అల్లడానికి రెండు రోజులు పడుతుందన్న సంగతి వేరు. దేశదేశాల కండెలు సేకరించడం ఆవిడ సరదా. రెండేళ్ళ కిందట మొదటిసారి ఈ ఇంటికి వచ్చినప్పుడు ఒక నీలంపూసల జత చేతిలోకి తీసుకుని, "గురునాథరావు గారూ, మీరు కళాకారులండీ!" అంది. జన్మలో ఆయన్ని ఎవరూ అంత మాట అనలేదు. పొంగిపోయి ఆ జత అక్కడికక్కడే ఇచ్చేశాడు.

ఆ తర్వాత వచ్చినప్పుడు మరో జతని మెచ్చుకుంది. అప్పలకొండ విననట్టు ఊరుకుంది. ఆ వారంలోనే దిండు చెయ్యిజారి కిందపడింది, రెండు కండెలు పగిలాయి. గురునాథరావు వణికిపోయాడు. పెద్దోళ్ళ కన్ను పడ్డ వస్తువు ఇంట్లో ఉంచుకోకూడదు, ఉంచుకుంటే అదైనా పోతుంది, ఇంట్లో మనిషికైనా కీడు. శ్రీకాకుళం నుంచి మూటాముల్లెతో పాటు ఆయన తల్లి తెచ్చిన నమ్మకం అది. ఆ రెండింటి స్థానంలో కళ్ళు మసకబారుతుండగానే, షాపు నుంచి తెచ్చుకున్న పాత బర్నరు మీద చివరి జత చేసిపెట్టాడు. అప్పట్నుంచి ఆవిడ బాగుందన్నది ఇచ్చేయడమే. ఇచ్చినప్పుడల్లా ఆవిడ కళ్ళు చెమర్చేవి. మీ ప్రేమకి నేను వెల కట్టలేను అనేది, నిజంగానే కట్టలేదు. పోయిన ప్రతి జతకీ బదులు సంఘం తరఫున ఒక చెక్క జత పంపేది.

పోయిన చలికాలంలో ఎర్రపూసల జతని ఫొటో తీయించడానికని ఎనిమిది రోజులు తీసుకెళ్ళింది. ఆ ఎనిమిది రోజులూ చెక్క జతని నడిపిస్తే నాలుగు మీటర్ల లేసుకి పొడుగునా గోధుమ చార పడింది. మీటరుకి అరవై చొప్పున కోసేశారు. కోసింది కూడా మణిమాల గారే, ఎంతో బాధపడుతూ. ఇంకోసారి మరక పడితే ఆర్డరు వేరేవాళ్ళకి ఇవ్వక తప్పదని కూడా చెప్పారు. అందుకే ఇవాళ ఈ ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

"గుడ్డ కప్పేద్దామత్తా," అంది కనకలత. "లేకపోతే దారం సుట్టీసి ఆ పూస కనపడకుండా సేసీ. నాను లేసు ఇవ్వడానికెల్లినప్పుడు సూసినాను కదా ఆ బీరువాలో. నీలం గుడ్డ మీద వరసగా పడుకోబెట్టినారు. ఒక్కదానికీ దారం నేదు."

అప్పలకొండ దూది పక్కన పెట్టింది. దారం లేదన్న మాట ఆమెకి ఎక్కడో గుచ్చుకుంది. మంచం మీంచి గురునాథరావు గొంతు సవరించుకున్నాడు.

"దాసితే మరీ కీడు," అన్నాడు. "ఆయమ్మ అడిగితే ఇచ్చీ. మన రాత ఎలాగుంటే అలాగవుతాది."

"నీ రాత మంచం మీద పడుకున్నాది. నా రాత ఈ దిండు మీదున్నాది," అంది అప్పలకొండ. అని మళ్ళీ కండెలందుకుంది. మరక పోలేదు, మరి కూర్చుని ఏడిస్తే వరసలు సాగవు.

నాలుగింటికి ఐదు నిమిషాల ముందే కారు సందు మొదట్లో ఆగింది. మణిమాల గారు తలకి దుపట్టా చుట్టుకుని, చేతిలో మిఠాయి డబ్బాతో లోపలికి వచ్చారు. "ఏం ఎండ బాబూ! గురునాథరావు గారూ, బావున్నారా అండీ? అప్పలకొండమ్మా, నువ్వు లేవకు, పని చేసుకో." ఆయనకి మీరు, ఆమెకి నువ్వు. ఆ తేడా ఆవిడకి తెలియదు. అప్పలకొండకి మాత్రం రెండేళ్ళుగా తెలుసు.

ఆవిడ వంగి లేసు చూశారు. మరక కనిపించింది. ముఖం చిన్నబుచ్చుకున్నారు. "ఇదేంటమ్మా మళ్ళీ? ఇది ఢిల్లీ ఎగ్జిబిషన్‌కి వెళ్ళాల్సిన ముక్క కదా."

కనకలత గోడకి అతుక్కుపోయింది. అప్పలకొండ చేతిలో నడిచే జత సగం వరసలో ఉంది, ఒక కండె కుడిచేతిలో, ఒకటి దిండు మీద. మణిమాల గారు దిండు మీది దాన్ని అరచేతిలోకి తీసుకుని వెలుగుకి పట్టారు. ఎర్రపూస మెరిసింది.

"అబ్బ! ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. ఎంత బావుందో!"

గురునాథరావు అలవాటుగా మంచం మీంచి చెయ్యి చాపి, "ముచ్చటపడినారు, తీసుకోండమ్మా," అన్నాడు. కనకలత అలవాటుగానే గూట్లో కత్తెర అందుకుంది. దారం కోసి జతని విడదీయడం ఎప్పుడూ ఆ పిల్ల పనే.

"కత్తెర అక్కడెట్టు," అంది అప్పలకొండ.

కనకలత ఆగిపోయింది.

"ఇది ఇవ్వనమ్మగారూ."

మణిమాల గారి నవ్వు ఉన్నచోటే ఉండిపోయింది. "అయ్యో, నేను అడగలేదే! నేనెప్పుడైనా నోరు తెరిచి అడిగానా అప్పలకొండమ్మా? మీరే ప్రేమగా..."

"పేమ కాదమ్మా, బయ్యం. మీ కన్ను పడ్డది ఉంచుకుంటే ఇంటికి కీడని బయ్యం. పద్దెనిమిది జతలు బయ్యపడే ఇచ్చినాం. ఇష్టపడి ఇచ్చింది మొదటిదొక్కటే, అదీ ఆయన."

"ఏమిటీ మూఢనమ్మకం? ఒక్కమాట ముందే చెప్తే నేను ముట్టుకునేదాన్నా?" సిగ్గో కోపమో ఆవిడకే తెలిసినట్టు లేదు. అంతలో ఆవిడ చూపు లేసు మీదికి పోయింది. "సరే. మరి ఈ మరక సంగతేంటి?"

"డబ్బులు కొయ్యండి. అది మా తప్పే. దిష్టి తగలకుండా కాటికెట్టుకున్నాం." అప్పలకొండ గొంతు పెంచలేదు. "నడిచే జత పోతే మాత్రం ఇక ప్రతి మీటరుకీ కోస్తారు. అది మా తప్పు కాదు."

"ఓలమ్మో, నోరు ముయ్యే! కీడొస్తే?" అన్నాడు గురునాథరావు, చూపు ఆనని కళ్ళతో ఎవరికో చెప్పుకుంటున్నట్టు.

"రానీ. ఇచ్చినప్పుడు రానేదేటి?"

కనకలత ఒకసారి అత్త వైపు చూసింది. మెల్లగా కత్తెరని గూట్లో పెట్టేసి, దానికి అడ్డంగా నిలబడింది.

మణిమాల గారు పిడికిలి మూశారు, తెరిచారు. ఎర్రపూస కండె ఇంకా ఆవిడ అరచేతిలోనే ఉంది. దాని జోడు అప్పలకొండ వేళ్ళ మధ్య ఉంది. రెండు కండెల నుంచీ రెండు దారాలు ఒకే గుండుసూది దగ్గరికి బిగిసి ఉన్నాయి. ఆవిడ లాగలేదు, వదలనూ లేదు.

"వరస సగంలో ఉందమ్మగారూ," అంది అప్పలకొండ, ఖాళీగా ఉన్న ఎడమచెయ్యి చాపి.