మడుగు దాటొచ్చిన కల

తెల్లవారగానే విక్టోరియా సరస్సు ఒడ్డున ఆడవాళ్ళు చేసే మొదటి పని ఒమెనాలు ఆరబోయడం. వేలెడంత కూడా ఉండవు ఆ చేపలు. రెండో పని, ఎవరి కల ఎవరికొచ్చిందో తేల్చుకోవడం. మా ఒడ్డున దోమ ఒకరిని కుట్టి ఇంకొకరి మీద వాలిందంటే, మొదటివాళ్ళ కల రెండోవాళ్ళకి వచ్చేస్తుంది. ఎప్పటినుంచో అంతే. పాస్టరుగారికి సారాకొట్టు ఆవిడ కల వచ్చిన ఆదివారం, ఆయన ప్రసంగం మధ్యలో ఆపేసి ఇంటికెళ్ళిపోయాడు. అందులో ఏముందో ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

ఈ ముచ్చట్లకి అందరికంటే ముందొచ్చేది రిస్పా. మొగుడు పోయాడు, ఉన్నది ఒక్కతే కూతురు, అకేయో. రెల్లు మడుగుకి అవతలి ఊళ్ళో ఒగోలా అనే జాలరికిచ్చి చేసింది. గట్టిగా కేకేస్తే వినపడేంత దూరమే, కానీ ఏం లాభం? అల్లుడింట అత్త నిద్ర చేయకూడదు, వాళ్ళ పడకగది గడప తొక్కకూడదు, అల్లుడి ముఖంలోకి సూటిగా చూడకూడదు. మర్యాదంటే మర్యాదే. అందుకని రిస్పా కూతుర్ని కలల్లోనే తనివితీరా చూసుకునేది. మడుగు గట్టున నీటిగుర్రాల అడుగుల్లో నిలిచిన నీళ్ళలో పుట్టే దోమలు ఆ ఊరికీ ఈ ఊరికీ తిరుగుతూనే ఉంటాయి కదా. అకేయో కల వచ్చిన రోజు ఆవిడ ఉగాలి సంకటి నాలుగు ముద్దలు ఎక్కువ తినేది.

అలా ఉండగా ఆసుపత్రి వాళ్ళు ఇంటింటికీ దోమతెరలు పంచారు. ఈ దోమలు కలలొక్కటే కాదు, చలిజ్వరం కూడా మోసుకొస్తాయని, తెర కట్టుకునే పడుకోమని నర్సు గొంతు పోయేలా చెప్పింది. అందరూ బుద్ధిగా తలాడించారు. ఇంటికెళ్ళి చూసుకుంటే తెర ఎంత సన్నగా, ఎంత గట్టిగా ఉందో! దాని మీద ఆరబోస్తే చేపకి ఇసుక అంటదు. ఇంకేముంది, తెరలన్నీ ఒడ్డుకి చేరాయి. కడుపుతో ఉందని అకేయోకి ప్రత్యేకంగా ఇచ్చిన తెరని కూడా ఒగోలా ఒడ్డునే పరిచాడు. పెళ్ళాం మీద ప్రేమ లేక కాదు, పుట్టబోయే బిడ్డకి ఏదో ఒకటి వెనకేద్దామని. రిస్పా తెర మీదా చేపలే. తెర కట్టుకుంటే కూతురి కల ఎలా వస్తుంది మరి?

వానలు వెలిసిన రోజుల్లో ఒక తెల్లవారుజామున రిస్పా వణుకుతూ లేచింది. కలలో తను చేపల లారీలో ఐసుగడ్డల మధ్య కూర్చుని ఉంది. నిండు కడుపు. ఆ కడుపుకి దుప్పటి చుట్టబోతుంటే అందట్లేదు, ఎంత లాగినా చాలట్లేదు. మడుగు వైపు తిరిగి అమ్మా అని పిలుస్తోంది. ఆ పిలుపు రిస్పా ఇంటి వైపే వస్తోంది. ఇది అకేయో కలేనని ఆవిడకి తెలిసిపోయింది. ముఖమైనా కడుక్కోకుండా మడుగు గట్టు పట్టుకుని నడిచింది.

ఒగోలా వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు. అత్తగారిని చూసి గబుక్కున లేచి పక్కకి తిరిగి నిలబడ్డాడు. రిస్పా కంచె దగ్గరే ఆగింది. ఇద్దరి మధ్యా ఒక కోడి గింజలేరుకుంటోంది. మా వైపు ఇలాంటప్పుడు కోడితోనే మాట్లాడతాం.

"కోడీ, మా అమ్మాయి ఏదని అడుగు," అంది రిస్పా.

"పడుకుందని చెప్పవే కోడీ. కాస్త నీరసం. కడుపుతో ఉన్నవాళ్ళకి మామూలేనంట, అందుకే లేపలేదు."

"చలేస్తోందందేమో అడుగు."

ఒగోలా తటపటాయించాడు. నిన్న మిట్టమధ్యాహ్నం ఎండలో కూర్చుని దుప్పటి అడిగిందని కోడికి చెప్పాడు. కోడి తన దారిన తను పోయింది. రిస్పా తలెత్తి అల్లుడి కళ్ళలోకి సూటిగా చూసింది.

"ఒగోలా, నా కూతురి కల నాకొచ్చింది. ఐసులో కూర్చుని ఉంది. బిడ్డకి దుప్పటి చాలట్లేదు."

మా ఒడ్డున డాక్టరు మాటకైనా ఎదురు చెప్తారు గానీ కలకి చెప్పరు. ఒగోలా వల అక్కడే పడేసి లోపలికి పరిగెత్తాడు. అకేయో ఒళ్ళు పెనంలా కాలుతోంది, పిలిస్తే కళ్ళు తేలేస్తోంది. మోటారుసైకిలు వాణ్ణి కేకేసి, ఆమెని మధ్యలో కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. వెనకాలే రిస్పా నడుచుకుంటూ చేరింది. చలిజ్వరం ముదిరిందని, ఇంకో పూట ఆగి ఉంటే తల్లీ బిడ్డా దక్కేవారు కాదని నర్సు తిట్టిపోసింది. తిట్లు తింటూ ఒగోలా చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. రిస్పా గోడ వైపు తిరిగి, అల్లుడి ఏడుపు చూడనట్టు నిలబడింది.

ఇంటికి రాగానే ఒగోలా చేపల్ని ఇసుక మీదకి దులిపేసి, తెర ఉతికి మంచానికి కట్టాడు. ఎన్నిసార్లు ఉతికినా వాసన పోలేదు. ఊళ్ళో పిల్లులన్నీ ఆ మంచం చుట్టూనే తిరిగేవి. నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా తెరలో భద్రంగా పడుకుంటున్నారు, దాంతో అకేయో కలలు రావడం మానేశాయి. ఒడ్డున ఎవరైనా అడిగితే, ఏమీ రాలేదు, నా తల్లి బాగుంది, అని రిస్పా నవ్వేది. నవ్వేదే గానీ, లోపల ఆవిడకి చాలా దిగులుగా ఉండేది.

మళ్ళీ ఒక తెల్లవారుజామున ఆవిడకి ఎప్పుడూ రాని కలొకటి వచ్చింది. అందులో మాటల్లేవు, ఊరు లేదు, సరస్సు లేదు. అంతా వెచ్చదనం, పాల వాసన. పైనుంచి ఇంతంత పెద్ద ముఖం ఒకటి వంగి నవ్వుతోంది. అకేయో ముఖం. జన్మలో అంత హాయైన కల రిస్పా ఎరగదు. మనవరాలి కలని తెలిసి కన్నీళ్ళు కారుతుంటే, కళ్ళు తెరవకుండా కాసేపు అలాగే పడుకుంది. అంతలోనే దిగ్గున లేచి కూర్చుంది. అంటే, తెరకి చిల్లు పడిందన్నమాట.

సూదీ దారం పైగుడ్డ కొసన ముడేసుకుని మడుగు దాటింది. అత్త పడకగదిలోకి రాకూడదు గనక, అకేయోయే తెర విప్పి తెచ్చి వాకిట్లో పరిచింది. ఒగోలా కోడిని వెతకాలన్నట్టు ఇంటి వెనక్కి తప్పుకున్నాడు. ఒడ్డున రాళ్ళకి ఒరుసుకున్న మూల, బొటనవేలు దూరేంత చిల్లు. రిస్పా మనవరాలి నుదురు తడిమి చూసింది, చల్లగానే ఉంది. ఏ కాస్త వేడెక్కినా ఆసుపత్రికి పరిగెత్తమని కూతురికి మరీ మరీ చెప్పి, పిల్లని ఒళ్ళో వేసుకుని కుట్టడం మొదలెట్టింది.

"ఏముందమ్మా దీని కలలో?" అనడిగింది అకేయో.

"నువ్వే. కలంతా నువ్వే."

చివరి కుట్టు దగ్గర సూది ఆగింది. ఇది మూసేస్తే ఆ కల మళ్ళీ రాదు. ఒళ్ళో పిల్ల ఆవులించింది.

"ఇక నీ కలలు నీ దగ్గరే దాచుకో నా తల్లీ," అని రిస్పా గట్టిగా ముడేసి, దారం పళ్ళతో తెంపింది.