కింది నుంచి కోసిన వార్త

నేను ఒక కీబోర్డును. ఫ్యాక్టరీలో నా మీద అక్షరాలు అచ్చువేశారు గానీ వాటి అర్థాలు చెప్పలేదు. అవి రాజమండ్రిలో, ఒక దినపత్రిక డెస్కు మీద నేర్చుకున్నాను. మొదట ఒక క్రీడా విలేకరి నన్ను బాదేవాడు. తరువాత సబ్‌ఎడిటర్ కామేశం చేతికి వచ్చాను. అతని వేళ్ళు మెత్తనివి. నమ్మని మాట రాసేముందు ఒక్క క్షణం ఆగేవి. ఆ ఆగడమే మంచితనం అనుకున్నాను.

ఆ వారం ప్రభుత్వం ఒక నిబంధన తెస్తానంది. భద్రతా పరీక్షలో నెగ్గని వస్తువులను కొనమంటూ జనం ఫోన్లకు మెసేజ్‌లు పంపితే జరిమానా. 'ఏది కొనాలో జనానికి తెలుసు, వాళ్ళ ఫోన్లలోకి సర్కారు తొంగిచూడనక్కర్లేదు' అని ఎడిటర్ చెప్పగా కామేశం సంపాదకీయం కొట్టాడు. చందాల కోసం మా పత్రికే రోజుకు నాలుగు మెసేజ్‌లు పంపేదని అందులో లేదు.

ఆ సాయంత్రమే, ఆఫీసు ఊడ్చే గంగరత్నం నన్ను గుడ్డతో తుడుస్తూ కామేశాన్ని అడిగింది.

"బాబుగారండీ, ఫోన్లో మెసేజొచ్చిందండి. నీళ్ళు కాచుకునే హీటరంటండి, సగం ధరకే. అమ్మాయి పురిటికొచ్చింది కదండీ. కొనొచ్చాండి?"

"తేడా ఉంటే పేపర్లో రాస్తాం కదా రత్నం."

"అదేలెండి. పొద్దున్నే పేపరు చూసే కొంటానండి."

ఆమె వెళ్ళాక వార్త వచ్చింది. ఒక రకం హీటరు షాక్ కొడుతోందని, వాడొద్దని అధికారుల హెచ్చరిక. విలేకరి మొహమాటం కొద్దీ కంపెనీ పేరు చివరి పేరాలో పెట్టాడు. ఇంతలో ఆ పేజీకి ఒక వ్యాపార ప్రకటన వచ్చింది. చోటు చాలకపోతే వార్తను కింది నుంచి కోయడం డెస్కు ఆనవాయితీ. కామేశం వేళ్ళు ఆగాయి. తరువాత నొక్కాయి. నా డిలీట్ మీట ఎన్నోసార్లు మొరాయించింది. ఆ పూట మాత్రం చక్కగా పనిచేసింది.

నాలుగు రోజులకు గంగరత్నం కుడిచేతికి కట్టుతో వచ్చింది.

"అమ్మాయి ఆ హీటరు ముట్టుకోబోతే దాన్ని నేనే లాగేశానండి, షాకు కొట్టిందండి. అమ్మాయి బాగానే ఉందండి."

"పేపరు చూడలేదా?" అన్నాడు కామేశం, చాలా నెమ్మదిగా.

"చూశానండి. హీటర్లు షాకు కొడతన్నాయని రాశారు గానీ, ఏ హీటరో రాయలేదు కదండీ. మాది కాదేమో అనుకున్నానండి." గుడ్డ అందుకుని, "ఇవాళైనా పేరు రాస్తారాండి? మా వీధిలో ఇంకో ముగ్గురు కొన్నారండి" అంది.

"ఎడిటర్‌గారిని అడుగుతా."

ఆమె ఎడమచేత్తో నన్ను తుడిచింది. కామేశం చేతులు బల్ల కిందికి తీసుకున్నాడు. నాకు దాక్కునే చోటు లేదు.

ఇప్పుడు స్టోర్‌రూములో పాత మానిటర్ల కింద ఉన్నాను. ఇక్కడికి వచ్చేదాకా నా మీద ఎన్నో సంపాదకీయాలు కొట్టారు. ఆ హీటరు పేరు ఎవరూ కొట్టలేదు.