పేజీలో పట్టని గమనిక

ఆ ఆఫీసులో ఒక వింత నియమం ఉంది. ఎంత పెద్ద విషయమైనా సరే, మంత్రిగారి ముందుకు వెళ్ళేసరికి ఒక్క పేజీలో ఇమడాలి. రెండో పేజీ చదివిన మంత్రి ఇంతవరకూ పుట్టలేదని అక్కడి పాతకాపులు చెప్పుకునేవాళ్ళు. అందుకే పన్నుల సంస్కరణ సంఘంలో పట్టికలు రాసే ఒకామెకు అంత గిరాకీ. ఏడు దేశాల పన్నుల చట్టాలను చదివి, వడగట్టి, ఒక్క పట్టికలో కూర్చడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. అందరూ ఆమెను పట్టికలమ్మ అనేవాళ్ళు. ఆ పేరంటే ఆమెకు లోలోపల గర్వంగానే ఉండేది.

రిపేరు పనుల మీద పన్ను వేయాలా వద్దా అనే పట్టిక తయారుచేసిన రోజున మాత్రం కాగితం మొండికేసింది. అక్షరాలను చీమ తలకాయలంత చేసినా అడుగున ఒక గమనిక మిగిలిపోయింది. ఏడు దేశాల్లోనూ రిపేర్ల మీద పన్ను ఉంది, కానీ చక్రాల కుర్చీలు, వినికిడి యంత్రాలు బాగుచేసే పనికి వాటిలో ఐదు దేశాలు మినహాయింపు ఇచ్చాయి. ఇదీ ఆ గమనిక.

“వెనక పేజీలో పెట్టనా సార్?” అని డైరెక్టరు గారిని అడిగింది.

“వెనక పేజీ ఎవరు తిప్పుతారమ్మా, తీసేయండి” అన్నాడాయన.

తీసేసింది. పట్టిక ముచ్చటగా కుదిరింది. సంఘం దాన్ని చూసి, మినహాయింపుల ఊసే లేకుండా అన్ని రిపేర్ల మీదా పన్ను వేయాలని ముసాయిదా రాసింది.

ఆదివారం తమ్ముడు వచ్చాడు, ఆమె వంటింటి కుళాయి కారుతోందంటే చూడటానికి. ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో చక్రాల కుర్చీలు బాగుచేయడం అతని పని. కుళాయి విప్పుతూ మామూలుగానే అన్నాడు.

“పేపర్లో చూశానక్కా. మాకూ పన్ను పడుతోందిగా. రేటు పెంచక తప్పదు.”

“పెంచితే?”

“సగం మంది రారు. అరిగిన చక్రంతోనే లాక్కొస్తారు. ఒక లెక్కల మాస్టారున్నాడు, పోయిన నెల బ్రేకు పట్టక మెట్ల మీంచి పడబోయాడు. ఇక షెడ్డు మూసేయాలేమో.” వాషరు బిగించి నవ్వాడు. “పోన్లే, అన్ని దేశాల్లోనూ వేస్తున్నారటగా. పట్టిక నువ్వు రాసిందే కదా. నువ్వు చూశాక ఇంక అనేదేముంది.”

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు.

సోమవారం ఆఫీసు తెరవగానే డైరెక్టరు గదికి వెళ్ళి, తమ్ముడి సంగతితో సహా అంతా చెప్పింది. ఆయన చెడ్డవాడేమీ కాదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“సంబంధీకుల కాగితంలో మీరేం రాశారు?”

సంఘంలో చేరిన రోజున అందరూ ఒక కాగితం మీద సంతకం పెట్టారు. ఈ మార్పులు తగిలే వ్యాపారాలు చేస్తున్న దగ్గరి బంధువులు ఎవరైనా ఉన్నారా అన్నది ప్రశ్న. క్షణం ఆలోచించకుండా ఎవరూ లేరని రాసేసింది. అబద్ధమాడాలని కాదు. వ్యాపారం అనగానే ఆమె మనసులో మెదిలినవి అద్దాల మేడలు, పెద్ద పెద్ద కంపెనీలు. తమ్ముడి రేకుల షెడ్డు తట్టనే లేదు. అదే ఇప్పుడు ఆమెకు అన్నింటికన్నా సిగ్గుగా ఉంది.

“మీరు ఊరుకుంటే ఎవరికీ తెలియదు” అన్నాడు డైరెక్టరు. “నోరు విప్పితే తమ్ముడి కోసం తెచ్చిన మినహాయింపు అంటారు. మీ ఉద్యోగానికీ ముప్పు. ఆలోచించుకోండి, సవరణలకు రేపే ఆఖరు.”

సాయంత్రంలోపు ఆమె రెండు కాగితాలు రాసింది. ఒకటి ఆ గమనిక. రెండోది, తనకు చక్రాల కుర్చీలు బాగుచేసే తమ్ముడు ఉన్నాడని.

మర్నాడు సంఘం అధ్యక్షుడు రెండో కాగితమే ముందు చదివాడు. “ఈవిడ తమ్ముడికి షెడ్డు ఉందట” అన్నాడు పక్కాయనతో. బల్ల చుట్టూ నవ్వులు పాకాయి. గమనిక నిజమా కాదా అని ఒక్కరూ అడగలేదు. వచ్చే ఏడాది పరిశీలిద్దామని పక్కన పడేశారు. చేరినప్పుడు తప్పు రాసిచ్చినందుకు ఆమెను విచారణ పూర్తయ్యేదాకా ఆఫీసుకు రావద్దన్నారు.

నేరుగా షెడ్డుకు వెళ్ళింది. తమ్ముడు ఒక కుర్చీని తలకిందులు చేసి చక్రం తిప్పి చూస్తున్నాడు. గమనిక తీసేసిన దగ్గర్నుంచి, చేరినప్పుడు సంతకం పెట్టిన బంధువుల కాగితం మీద విచారణ దాకా చెప్పింది.

“అంటే ఐదు దేశాల్లో మాబోటి వాళ్ళకి పన్ను లేదా?”

“లేదురా.”

“అందరికీ ఉందనుకుని సర్దుకున్నానక్కా నేను. ఎంతుంటుంది ఆ గమనిక?”

“రెండు లైన్లు. పేజీలో పట్టలేదు.”

అరుస్తాడనుకుంది. అరవలేదు. పాత గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

“చేరినప్పుడు సంతకం పెట్టావే, అందులో నా గురించి ఏం రాశావు?”

“ఎవరూ లేరని రాశాను.”

అతను మళ్ళీ చక్రం ముందు కూర్చున్నాడు.

“ఆ కాగితంలో చోటుందిగా అక్కా” అన్నాడు.