క్లైవ్ వెల్డింగా, టెగన్ లెక్కా

ఆస్ట్రేలియాలో, మకాయ్ ఊళ్లోని ఒక వర్క్‌షాపులో టెగన్‌కీ క్లైవ్‌కీ మధ్య పలకరింపులు లేవు. ఆమె కంప్యూటర్ ముందు లెక్కలు వేసే ఇంజినీరు. అతను ముప్ఫై ఏళ్లుగా ఇనుము అతికే వెల్డరు. ఒకరి పని ఇంకొకరికి పనిలా కనిపించేది కాదు.

ఇవాళ బొగ్గు గని నుంచి ఒక ఇనుప బ్రాకెట్ విరిగి వచ్చింది. గనిలో మోటారును మోసేది అదే; లెక్క ఆమెది, వెల్డింగ్ అతనిది. మూడు నెలల్లో ఇది రెండోది. సాయంత్రంలోగా టెగన్ మేనేజరుకి రిపోర్టు రాయాలి. తప్పు వెల్డింగ్‌దేనని రాస్తే క్లైవ్ లైసెన్సు పోతుంది. అరవైకి దగ్గరపడ్డ మనిషికి మళ్లీ లైసెన్సంటే మాటలు కాదు.

"రాసేశావా, ఇంజినీరమ్మా?" విరిగిన బ్రాకెట్‌ను క్లైవ్ ఆమె బల్ల మీద దభీమని పడేశాడు.

"రాయబోతున్నాను. నా లెక్క ప్రకారం ఇది విరగకూడదు. చూడండి."

తెర మీద బ్రాకెట్ బొమ్మ నిండా నీలం, ఆకుపచ్చ. ప్రమాదాన్ని చూపించే ఎరుపు మచ్చుకైనా లేదు.

"ముద్దుగా ఉంది. మా మనవరాలూ ఇలాగే రంగులేస్తుంది. పాపం, దానికి జీతమివ్వరు."

అతని నోరు మూయించాలనే పట్టుదలతో టెగన్ భూతద్దం తీసింది. పగులు వెల్డింగ్‌లో లేదు. అంగుళం అవతల, రేకు వంపులో మొదలైంది. అంటే తప్పు తన లెక్కదే కావచ్చు; అది ఆమెకు ఏమాత్రం నచ్చలేదు. పైగా బ్రాకెట్ అంచున రంగంతా అరిగిపోయి ఉంది.

"ఇదేంటి?"

"బూట్లు. పైనున్న బేరింగుకి గ్రీజు పెట్టాలంటే గనిలో అందరూ దీన్నే ఎక్కుతారు."

"నిచ్చెన ఉంటుందిగా!"

"గ్రీజుకి రెండు నిమిషాలు. నిచ్చెన కోసం ఫారం నింపి, సంతకాలు పెట్టించేసరికి గంట."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వెప్పుడు అడిగావు? గని మొహమైనా చూశావా?"

చూడలేదు. టెగన్ పళ్లు బిగించి, పనిముట్ల సంచీతో సహా నూట ఇరవై కిలోల మనిషిని తెర మీది బ్రాకెట్ అంచున నిలబెట్టినట్టు లెక్క మళ్లీ నడిపింది. ఇరవై నిమిషాలు పట్టింది. క్లైవ్ చేతులు కట్టుకుని అక్కడే నిలబడ్డాడు, పొమ్మన్నా పోలేదు. చివరికి వంపు దగ్గర ఎర్రబడింది, సరిగ్గా పగులున్న చోటే.

అసలు లెక్క మీద సంతకం ఆమెదే. ఈ మాట పైకెళితే ఇకపై ఆమె సంతకాన్ని ఎవరూ ఒప్పుకోరు. అయినా టైపు చేసింది: వెల్డింగ్‌లో లోపం లేదు. అంచు మీద మనుషులు నిలబడతారన్నది లెక్కలో చేర్చలేదు. లెక్క వేసినది టెగన్ రోస్కిలీ.

క్లైవ్ ఆమె భుజం మీదుగా రెండుసార్లు చదివాడు.

"నేను మీకేదో మేలు చేశానని ఎక్కడా చెప్పుకోకండి," అంది టెగన్.

"చెప్పినా ఎవరు నమ్ముతారు?" అని అతను వెళ్లిపోయాడు.

టెగన్ రిపోర్టు అచ్చు తీసి, మేనేజరు పిలవకముందే ఆయన గదికి నడిచింది.