వాలుగకు కావాల్సిన వేగం

మైలవరం డ్యాములో వాలుగ చేపను పట్టాలంటే మా ఆయనే పట్టాలని జమ్మలమడుగు సంతదాకా పేరు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. దారం పట్టుకుని కూర్చునేది ఆయన, తెడ్డు వేసేది నేను. పాత ఇత్తడి గరిటెను సాగగొట్టి చేసిన రేకు, దానికో కొక్కెం, కాస్త ముందు సీసపు గుండు, నలభై బారల నైలాన్ దారం. గుండ్రటి మా పుట్టి పడవ వెనక నీళ్లలో ఆ రేకు దెబ్బ తగిలిన చేపపిల్లలా తడబడుతూ రావాలి. వేగం తగ్గితే రేకు అడుగుకు పోయి పడుకుంటుంది. పెరిగితే గిరగిరా తిరిగి దారం మెలిపడుతుంది. చేను నుంచి ఇంటికొచ్చే ఎద్దు ఎంత నెమ్మదిగా నడుస్తుందో అంత ఉండాలి. ఆ నడక నా భుజాల్లో ఉంది. ఆయనతో ఈ మాట అని చూడండి, నవ్వేస్తాడు.

పంచాయతీ ఎన్నికలొచ్చిన ఆ ఏడాది, నామినేషన్ల ఆఖరి రోజున వనజమ్మ మా పుట్టి దగ్గరికి వచ్చింది. మా ఊళ్లో పెద్ద రైతుల ఇంటి కోడలు. ఆమె భర్తను రెండేళ్ల కిందట ముద్దనూరు రోడ్డులో బాంబులేసి చంపారు. చంపించిన పార్టీ పెద్దమనిషే మళ్లీ సర్పంచిగా నిలబడ్డాడు. ఇంకెవరూ పోటీకి రాకుండా దారులన్నిటా మనుషుల్ని కాపలా పెట్టాడు. ఆ రోజుల్లో మా ఊరి ఏకగ్రీవాలన్నీ అట్లా అయినవే.

“మూడు గంటలకు గడువు. జమ్మలమడుగు ఆఫీసులో కాగితం ఇయ్యాల. నన్ను నీళ్ల మింద దాటించు పేతురూ,” అంది మా ఆయనతో. “నా పేరు ప్రతిపాదించే నారాయణ బస్సులో పోయినాడు. ఆడ కలుస్తాడు.”

నేను వాళ్ల చేలో కూలికి పోయినప్పుడు ఆమె నాకు నీళ్లు పైనుంచి దోసిట్లో పోసేది. అది గుర్తొచ్చింది. మా ఆయన నా ముఖం వైపు చూశాడు. చివరికి నా పాత చీరొకటి ఆమె ఒళ్లో పడేసి కట్టుకోమన్నాను.

అవతలి గట్టు మీద నలుగురు మగవాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్ల కాళ్ల దగ్గర ఒక గోతం ఉంది. అందులో ఏముందో మా జిల్లాలో చంటిపిల్లకైనా తెలుసు. వాళ్లకు అర మైలు దిగువన, చిల్లచెట్ల చాటున పుట్టి ఆపాలని మా ఆలోచన.

“యాడికి పోతాండారప్పా?” అని ఒకడు కేకేశాడు.

“యాడికి పోతాం మామా, వాలుగకే,” అని మా ఆయన దారం ఎత్తి చూపించాడు.

వనజమ్మ కొంగు చాటున గడియారం చూసుకుంది. పన్నెండున్నర. “రవంత జోరుగా ఎయ్యి యేసమ్మా,” అంది.

“జోరుగా ఏస్తే చేపలు పట్టేటోళ్లం కాదని తెలిసిపోతాది. తల వంచుకోమ్మా,” అన్నాను. ఎద్దు నడకే వేశాను. అంత నెమ్మదిగా పోవడం అంత కష్టమని నాకు ఆ రోజే తెలిసింది.

సగం దూరం దాటాక దారం బిగుసుకుంది. రేకు రాతికి తగులుకుందేమో అనుకున్నాం. ఇంతలో పుట్టి గిర్రున తిరిగి ముందుకు సాగింది. నా తెడ్డు నీళ్లలో లేదు. మమ్మల్ని ఏదో లాక్కుపోతోంది. అదీ నేరుగా ఆ నలుగురి వైపే.

మా ఆయన కత్తి తీశాడు. వనజమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. “కొయ్యద్దు. చేప పడినాక దారం కోసేటోడు యాడన్నా ఉంటాడా? అనుమానం వస్తాది,” అని తనూ దారం పట్టుకుంది. అరచెయ్యి తెగి నెత్తురు కారుతున్నా వదల్లేదు. పెద్ద చేప పరుగు తీస్తే దాని వెంట పడాల్సిందే, లేకుంటే దారం తెగుతుంది. ఇక నేను ఎంత జోరుగా తెడ్డు వేసినా ఎవరూ తప్పు పట్టరు. వేశాను.

అప్పుడు అది పైకి తేలింది. ముందు నీళ్లు ఉబ్బాయి, తర్వాత వీపు కనిపించింది. వీపు అయిపోతుందేమోనని చూస్తుంటే ఇంకా వస్తూనే ఉంది. పొలుసు లేని వెండి ఒళ్లు, బారెడు మీసాలు, మా కుంపటి పట్టేంత నోరు. చిన్న కన్నుతో మమ్మల్నే చూస్తోంది. పదహారేళ్లుగా నేను తెడ్డు వేస్తున్న నీళ్ల కిందే ఇది తిరుగుతోంది. చర్చిలో పాస్టరు సృష్టి మహిమ అన్నప్పుడల్లా ఆవులించేదాన్ని. ఆ రోజు తెడ్డు వేస్తూనే ఏడ్చాను. వనజమ్మ కూడా కాగితం, గడువు, గట్టు మీది మనుషులు అన్నీ మరిచిపోయి నోరు తెరుచుకుని చూస్తోంది.

“దారం వదులప్పా, బిగబట్టద్దు,” అంటూ గట్టు మీదివాళ్లు పరిగెత్తుకొచ్చారు. వాళ్లలో పెద్దవాడు గోతాన్ని దూరంగా, మెల్లగా దించి, చెప్పులు విడిచి నీళ్లలోకి దిగాడు. ఐదుగురు మగవాళ్లు కలిసి దాన్ని ఒడ్డుకు చేర్చారు. మనిషిని చంపడానికి పొద్దుటి నుంచీ కాచుకున్న నలుగురూ చేప ముందు గొంతుక్కూర్చున్నారు. ఒకడు దాని మీసాన్ని వేలితో తాకి చటుక్కున చెయ్యి తీసేసుకున్నాడు.

“దీని వయసెంత ఉంటాదప్పా?” అని అడిగాడు.

“నా పెండ్లికి ముందు నుంచీ ఉన్నట్టుంది,” అన్నాడు మా ఆయన. అంటూ నా వైపు చూశాడు. పొమ్మన్నట్టు.

“ఎండకు చెడిపోతాది. మేం పోయి ఐసు తెస్తాం,” అన్నాను, ముసుగు దించుకున్న వనజమ్మను నా వెనక ఉంచుకుని.

“బిరబిరా రాండి,” అన్నాడు పెద్దవాడు, చేప మీది చూపు తిప్పకుండానే.

నాపరాళ్ల లారీ ఎక్కి మేమిద్దరం జమ్మలమడుగు ఆఫీసు చేరేసరికి మూడింటికి ఇరవై నిమిషాలు తక్కువ. నారాయణ లేడు. దారిలో బస్సు ఆపి ఆయన్ను దించేశారని అక్కడెవరో చెప్పారు.

“ప్రతిపాదించే ఓటరు సంతకం లేకుండా తీసుకోమమ్మా,” అన్నాడు గుమాస్తా.

వనజమ్మ నా వైపు చూసింది. మిషన్ బడిలో ఐదు చదివానని, ఆ ఊళ్లోనే నాకు ఓటుందని ఆమెకు తెలుసు. చూసి తల తిప్పేసుకుంది. “వద్దు యేసమ్మా. నీ మొగుడు ఆ నలుగురి నడుమ ఉండాడు. నువ్వు పో,” అంది. కొంగు చుట్టిన అరచేతి నుంచి నెత్తురు ఇంకా కారుతూనే ఉంది.

ఆమె అడిగి ఉంటే నేను చేసేదాన్ని కాదు. అడగలేదు కాబట్టి కలం తీసుకున్నాను. యేసమ్మ అని అక్షరం అక్షరం కూడబలుక్కుని రాశాను.

“భర్త పేరు?” అడిగాడు గుమాస్తా.

తలుపు దగ్గర ఎదుటి పార్టీవాళ్లు ఇద్దరు నిలబడి వింటున్నారు. పెళ్లయిన పదహారేళ్లలో మొగుడి పేరు నేను ఒక్కసారీ పైకి అనలేదు. మా ఇళ్లలో ఆడవాళ్లు అనరు.

“పేతురు,” అన్నాను, వాళ్లకు కూడా వినబడేలా.