పైపు కింద మట్టి

ఏమోయ్, అప్పుడే ముక్కు చిట్లిస్తున్నావేం? కథలో మురుగుంటే నీ ఇస్త్రీ చొక్కాకి అంటదులే. ఇలా దగ్గరికి జరుగు.

పడవాయన పెళ్ళాన్ని వీపున వేసుకుని ఆస్పత్రి మెట్లెక్కుతున్నాడు. లిఫ్టు చెడిపోయింది. ఎక్కాల్సింది మూడో అంతస్తు. పదకొండు రోజుల్లో ఇది నాలుగోసారి.

"పెళ్ళైన కొత్తలో కూడా నన్నింత ముద్దుగా మొయ్యలేదు" అంది ఆమె, జ్వరంలో మూలుగుతూనే.

"అప్పుడు మోసుంటే నా నడుం విరిగేది. ఇప్పుడు సగమయ్యావు" అన్నాడు. అనేశాక నాలుక కరుచుకున్నాడు.

ఆమె మందుల ఫ్యాక్టరీలో కూలికి పోతుంది. ఫ్యాక్టరీ నీళ్ళు పైపులోంచి నదిలో పడే చోట పేరుకున్న బురదని తట్టల్తో ఎత్తిపొయ్యాలి. రోజుకి నాలుగొందల ఇరవై. బూట్లిస్తామని రెండేళ్ళుగా చెబుతూనే ఉన్నారు. ఆ బురదలో గాజుపెంకు పాదాన్ని కోసింది. గోరంత గాటు. గుడ్డ చుట్టుకుని సాయంత్రం దాకా తట్టలు మోసింది.

పడవాయన ఘనకార్యం అంతకు రెండు నెలల ముందుది. పరీక్షల మేడమ్ ఒకావిడ సీసాలు పట్టుకుని వచ్చింది. నది అడుగు మట్టిలో ఏ క్రిములున్నాయో, అవి ఏ మందుకి చస్తాయో చూస్తుందట. మేడమ్‌కి నీళ్ళంటే భయం. ఒడ్డున గొడుగు కింద కూర్చుని, "సరిగ్గా పైపు కిందే ముంచు బాబూ" అని సీసాలిచ్చింది.

ముందురోజే మేనేజరు ఇంటికొచ్చి వెళ్ళాడు. "రిపోర్టు చెడితే ఫ్యాక్టరీకి తాళం పడుద్ది. మీ ఆవిడ పనీ పోద్ది. ఎగువ మలుపు దగ్గర మట్టి శుభ్రంగా ఉంటుంది కదా, ఆలోచించుకో" అని భుజం తట్టాడు.

పడవాయన ఆలోచించుకున్నాడు. మలుపు చాటుకి పోయి, అక్కడి మట్టితో సీసాలన్నీ నింపుకొచ్చాడు. మేడమ్ ఒక్కోదానికి చీటీ అంటించి, పాపం చాలా కష్టపడ్డావంటూ దండం కూడా పెట్టింది. ఆ రాత్రి జరిగిందంతా చెప్పి, ఆ దండం ఎలా పెట్టిందో చేసి చూపిస్తే పెళ్ళాం పొట్ట పట్టుకుని నవ్వింది.

మూడో అంతస్తులో డాక్టరమ్మ కట్టు విప్పింది. నలుపు మడమ దాటి పైకి పాకింది.

"చీము పరీక్ష ఇవాళొచ్చింది. మేం వాడిన మూడు మందుల్నీ ఈ క్రిములు లెక్కచెయ్యట్లేదు. రోజూ కాస్త కాస్త మందు కలిసే నీళ్ళలో పెరిగితే ఇలాగే మొండికేస్తాయి."

"రోజూ తిట్లు తినేవాడికి తిట్టు తగలనట్టా అమ్మా?" అన్నాడు పడవాయన.

"అలాంటిదే. పైగా ఆ మొండితనం పక్కవాటికి కూడా అంటిస్తాయి." డాక్టరమ్మ కళ్ళజోడు తీసింది. "నాకు అంతుపట్టనిదొకటే. ఆ పైపు కింద మట్టిలో అలాంటివి లేవని పోయిన నెలే రిపోర్టొచ్చింది. దాన్ని నమ్మి మామూలు మందుల్తో మొదలుపెట్టాను. లేకపోతే మొదటిరోజే పెద్ద మందు ఎక్కించేదాన్ని. ఇప్పుడిక మోకాలి కింద తీసెయ్యాలి. ఇక్కడ సంతకం పెట్టు."

పడవాయన పెన్ను పట్టుకున్నాడు గానీ, కాగితం మీద ఎక్కడ పెట్టాలో కనబడలేదు. జేబులో ఫోను మోగింది.

"రేపు మేడమ్ మళ్ళీ వస్తోంది" అన్నాడు మేనేజరు. "పోయినసారి లాగే కానిచ్చెయ్. తేడా వస్తే తెలుసుగా."

"రేపు పైపు కిందే ముంచుతాను సార్."

"ఏంట్రా, తాగావా?"

ఫోను పెట్టేశాడు. డాక్టరమ్మ అతని మొహంలోకే చూస్తోంది.

"రేపు పైపు కింద ముంచడమేంటి? పోయినసారి ఎక్కడ ముంచావు?"

మంచం మీంచి పెళ్ళాం మోచేతి మీద కాస్త లేచింది.

"చెప్పవయ్యా" అంది. "ఆ రోజు మనిద్దరం ఎవర్ని వెర్రిదాన్ని చేశామనుకుని నవ్వామో, డాక్టరమ్మకి చెప్పు."